విక్టోరియా యుగపు ఇల్లు – నేటి కాపురం: పునర్నవీకరణలో గోడ, గాలి, తేమ

వ్యాససంగ్రహం:

విక్టోరియా రాణి పాలనాకాలంలో (1837–1901) ఇంగ్లండులో కట్టిన నివాసగృహాలు నేటికీ విస్తారంగా వాడుకలో ఉన్నాయి. వాటిని ఆధునిక జీవనానికి అనువుగా మార్చే పనిని సాధారణంగా ‘చారిత్రక సంరక్షణ’, ‘సౌకర్యం’ అనే రెండు కోరికల మధ్య ఘర్షణగా చూస్తారు. ఈ ఇళ్లకు కలిగే నష్టంలో ఎక్కువ భాగం ఆ ఘర్షణ వల్ల కాక, సున్నంతో కట్టిన గోడ తేమతో ఎలా వ్యవహరిస్తుందో తెలియకుండా చేసే మరమ్మతుల వల్ల కలుగుతున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. గోడ, పొగగూడు, కిటికీ, వంటగది అనే అంగాల ఆధారంగా, చట్టం, పన్ను విధానం, లివర్‌పూల్ నగరపు అనుభవం నేపథ్యంగా ఈ విషయాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: విక్టోరియన్ గృహం, వరస ఇల్లు, సున్నపు గార, తేమ, సాష్ కిటికీ, పునర్నవీకరణ, లివర్‌పూల్.

1. ప్రవేశిక

ఇంగ్లండులో నేడు జనం నివసిస్తున్న ఇళ్లలో దాదాపు ఐదో వంతు 1919కి ముందు కట్టినవే. వాటిలో పెద్ద భాగం విక్టోరియా యుగానికి, అందునా ఆ యుగపు చివరి దశాబ్దాలకు చెందినవి. ఇవి కోటలూ కావు, ప్రభువుల భవంతులూ కావు. గుమాస్తాలు, రైల్వే ఉద్యోగులు, పనితనం గల కార్మికులు, చిన్న వర్తకులు అద్దెకు ఉండటానికి వీధులు వీధులుగా లేచిన ఇళ్లు. మ్యూజియంలుగా మారిన భవనాల సంరక్షణ వేరు. రేపు ఉదయం పిల్లలను బడికి పంపవలసిన కుటుంబం కాపురముండే ఇంటిని బాగుచేసుకోవడం వేరు. ఈ వ్యాసం రెండో దానికి సంబంధించినది.

పరిభాష విషయంలో ఒక మాట అవసరం. ‘టెరస్’ అనగానే తెలుగు పాఠకునికి డాబా మీది ఖాళీస్థలం గుర్తుకు వస్తుంది. ఇంగ్లండు వాడుకలో ‘టెరస్ ఇల్లు’ అంటే పక్కింటితో నడిమి గోడను పంచుకుంటూ బారులుగా సాగే ఇళ్లలో ఒకటి. ఇక్కడ దానిని ‘వరస ఇల్లు’ అని వ్యవహరించడం జరిగింది.

తెలుగు పాఠకునికి ఈ విషయంతో రెండు విధాల సంబంధముంది. తూర్పు లండన్‌లోని ఈస్ట్‌హామ్ వంటి ప్రాంతాల్లో దక్షిణ భారతీయ కుటుంబాలు, వాటిలో తెలుగువారు కూడా, ఇటువంటి పాత వరస ఇళ్లలోనే అద్దెకో సొంతానికో ఉంటున్నారు. రెండోది మరింత లోతైనది. విక్టోరియన్ గోడను నిలబెట్టిన సున్నమే మన పాత మండువా లోగిళ్లను, దేవాలయ ప్రాకారాలను నిలబెట్టింది. అక్కడ జరిగిన పొరపాటే ఇక్కడా జరుగుతున్నది.

2. వరస ఇంటి నిర్మాణస్వరూపం

గాజుపై సుంకం 1845లో, ఇటుకపై పన్ను 1850లో, కిటికీ పన్ను 1851లో రద్దయ్యాయి. ఆరేళ్ల వ్యవధిలో మూడు పన్నులు పోవడంతో సామాన్యుని ఇంటి ముఖమే మారింది. పెద్ద గాజుపలకలు, వీధివైపు ముందుకు పొడుచుకువచ్చిన బే కిటికీలు, రంగురంగుల ఇటుకల అలంకరణ మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చాయి. రైలుమార్గాలు వేల్స్ కొండల పలకరాతిని దేశమంతటికీ చేరవేశాయి. ఇంటిపైకప్పు పలకరాయి, గోడ ఇటుక, నేల చెక్క, వీటన్నిటినీ కలిపే పదార్థం సున్నం.

ఇంటి అమరిక దాదాపు అంతటా ఒకటే. సన్నని ముఖభాగం, లోతైన స్థలం. తలుపు తీయగానే ఇరుకైన నడవ, దాని పక్కన అతిథుల కోసం అట్టిపెట్టిన ముందుగది, ఆ వెనుక కుటుంబం కూర్చునే గది. ఇంకా వెనుక, ఇంటి వెడల్పులో కొంత మాత్రమే ఆక్రమిస్తూ తోకలా సాగే భాగంలో వంట, అంట్లు తోమడం, బట్టలు ఉతకడం. ఆ తోకకూ పక్కింటి ప్రహరీకీ మధ్య సన్నని ఖాళీ సందు మిగులుతుంది. మరుగుదొడ్డి పెరట్లో. స్నానపుగది చాలా ఇళ్లలో అసలే లేదు. ఇప్పుడు కనిపించే స్నానపుగదులు తరువాతి తరాలు వెనుక పడకగదిని మార్చో, వంటశాల మీద కట్టో చేర్చినవి. కాబట్టి ‘అసలు స్వరూపం’ చెక్కుచెదరకుండా మిగిలిన విక్టోరియన్ ఇల్లు చాలా అరుదు. ప్రతి తరమూ దానిమీద తన చేయి వేసింది.

గది ప్రతిదానిలోనూ ఒక నిప్పుగూడు ఉండేది. చెక్కనేల మట్టికి తగలకుండా దూలాల మీద నిలిచేది. నేలకింది ఖాళీలోకి గాలి ఆడేందుకు గోడ అడుగున చిల్లుల ఇటుకలు పెట్టేవారు. 1875 నాటి ప్రజారోగ్య చట్టం తరువాత వచ్చిన స్థానిక నిబంధనల వల్ల గోడ అడుగున పలకరాతితోనో తారుతోనో తేమకు అడ్డుపొర వేయడం క్రమంగా వ్యాపించింది. అంతకు ముందటి ఇళ్లలో అనేకం ఆ పొర లేనివే. అయినా అవి నిలిచాయి. ఎలా నిలిచాయన్నది తెలిస్తే తప్ప వాటిని బాగుచేయడం సాధ్యం కాదు.

3. గోడ తేమను పుచ్చుకొని, విడిచే విధం

నేటి ఇంటిగోడ నీటిని బయటనే ఆపుతుంది. రెండు పొరల నడుమ ఖాళీ, సిమెంటు పూత, ప్లాస్టిక్ పొర, రసాయనాల రంగు అన్నీ కలిసి వానకోటులా పనిచేస్తాయి. విక్టోరియన్ గోడ వానకోటు కాదు, ఉన్నికోటు. సుమారు 9 అంగుళాల మందం గల నిండు ఇటుకగోడ వానకు కొంత తడుస్తుంది, ఎండకూ గాలికీ ఆరుతుంది. తడి లోపలిగదికి చేరకముందే ఆరిపోవడం మీదనే దాని మనుగడ ఆధారపడి ఉంది. దీనినే ‘శ్వాసించే గోడ’ అని వ్యవహరిస్తారు. పదం అందంగా ఉన్నా కొంత తప్పుదారి పట్టిస్తుంది. గోడగుండా గాలి రాకపోకలు జరగవు. ఇటుకలోని, గారలోని సూక్ష్మరంధ్రాల ద్వారా నీరు, నీటిఆవిరి కదులుతాయి. అంతే.

ఆ కదలికకు ప్రధానమైన దారి ఇటుకల నడుమ ఉన్న సున్నపు గార. సున్నపురాయిని సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాల్చితే బొగ్గుపులుసు వాయువు వెళ్లిపోయి పొడి సున్నం మిగులుతుంది. నీళ్లు పోస్తే అది బుసబుసమంటూ విరిగి తడిసున్నమవుతుంది. గోడలో చేరిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి పీల్చుకొని నెమ్మదిగా మళ్లీ రాయిగా మారుతుంది. పిడుగురాళ్ల బట్టీలను చూసినవారికి ఈ ప్రక్రియలో మొదటి సగం కొత్తది కాదు. రెండో సగాన్ని మన పాత మేస్త్రులు గానుగలో సున్నాన్ని రోజుల తరబడి నలిపి, కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపి తమదైన రీతిలో సాధించారు. ‘గచ్చు’, ‘గార’, ‘గానుగ సున్నం’ అన్న మాటలు తెలుగులో ఉన్నంత నిండుగా ఆ పనితనం ఇప్పుడు మిగిలి లేదు.

సున్నపు గార మెత్తనిది. గోడ కాస్త కుంగినా, ఎండకు వ్యాకోచించినా తాను సర్దుకుంటుంది. సన్నని బీటలను తనలోంచి కరిగిన సున్నంతోనే కొంతవరకు పూడ్చుకుంటుంది. అన్నిటికన్నా ముఖ్యంగా, అది ఇటుకకంటే బలహీనంగా ఉండాలి. తేమ, లవణాలు గారలోంచి బయటకు వెళ్లి, అరుగుదల అంతా గారమీద పడుతుంది. వందేళ్లకొకసారి ఆ గార గీకి కొత్తది నింపితే చాలు, ఇటుక క్షేమం.

జోసెఫ్ ఆస్ప్డిన్ 1824లోనే పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందాడు. ఇంటిగోడల మరమ్మతుల్లో అది సున్నాన్ని పూర్తిగా తొలగించినది మాత్రం 20వ శతాబ్దంలో. త్వరగా గట్టిపడుతుంది, చవక, ఏ మేస్త్రికైనా తెలుసు. సందుల్లో సున్నం రాలిపోయిన చోట సిమెంటు నింపడం ‘గట్టి పని’గా పేరు తెచ్చుకుంది. ఫలితం తలకిందులైంది. గట్టి సిమెంటు తేమను వదలదు. తడి మెత్తని ఇటుకలోనే నిలిచిపోతుంది. శీతాకాలంలో ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచించగా ఇటుక ముఖం పెచ్చులుగా ఊడిపోతుంది. నూరేళ్లుగా చెక్కుచెదరని ఇటుక కొన్ని చలికాలాల్లో నలిగిపోయి, దాని చుట్టూ సిమెంటు గీతలు గూడులా పొడుచుకొని నిలిచే దృశ్యం ఇంగ్లండు వీధుల్లో సర్వసాధారణం.

లోపలివైపు కథ ఇదే. గోడ అడుగున చెమ్మ కనిపించగానే ‘నేల నుంచి నీరు ఎగబాకుతోంది’ అన్న నిర్ణయానికి రావడం, గోడకు రంధ్రాలు చేసి రసాయనం ఎక్కించడం, పాత సున్నపు పూత గీకి సిమెంటు పూయడం అక్కడ ఒక వ్యాపారంగా స్థిరపడింది. చెమ్మ కొలవడానికి వాడే చిన్న విద్యుత్ పరికరం చెక్కను పరీక్షించడానికి రూపొందినది. గోడలోని లవణాలకు కూడా అది ‘తడి’ అనే చూపుతుంది. నిజమైన కారణాలు తరచుగా మామూలువి: ఆకులతో నిండిన వాననీటి తొట్టి, పగిలిన గొట్టం, తరాలుగా పోసిన మట్టితో, కాంక్రీటుతో ఎత్తు పెరిగిన బయటి నేల. లోపలి అడ్డుపొర బయటి నేలకన్నా కనీసం 150 మిల్లీమీటర్లు ఎత్తులో ఉండాలన్నది సాధారణ నియమం. బయటి మట్టి తవ్వి తీయడం గడ్డపారతో అయ్యే పని. దానికి హామీపత్రం ఎవరూ ఇవ్వరు కాబట్టి ఇంటి యజమానికి అది చికిత్సగా కనిపించదు.

చెక్కనేల తీసేసి కాంక్రీటు పోసినప్పుడు కూడా ఇటువంటిదే జరుగుతుంది. ఇంతకాలం నేలకింది గాలిలోకి వెళ్లిన తేమకు దారి మూసుకుపోయి, అది అంచుల్లోని గోడలవైపు మళ్లుతుంది. చిల్లుల ఇటుకలను చలిగాలి వస్తోందని మూసివేస్తే దూలాల తేమ 20 శాతం దాటి, ‘పొడి కుళ్లు’గా పేరుబడిన సెర్పులా లాక్రిమాన్స్ అనే శిలీంధ్రం వ్యాపిస్తుంది. పేరులో పొడి ఉన్నా దానికి ప్రాణాధారం తడే.

4. పొగగూళ్లు మూతబడిన తరువాత

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో వెలువరించిన ‘నోట్స్ ఆన్ నర్సింగ్’ గ్రంథంలో ఇంటి ఆరోగ్యానికి అవసరమైన ఐదింటిని పేర్కొన్నది: స్వచ్ఛమైన గాలి, స్వచ్ఛమైన నీరు, మురుగు పారుదల, శుభ్రత, వెలుతురు. గాలిని ఆమె మొదట నిలపడం యాదృచ్ఛికం కాదు. విక్టోరియన్లకు మూసిన గదిలోని గాలి అంటే భయం. వారి ఇంట్లో గాలి ఆడించే యంత్రం నిప్పుగూడే. మండే బొగ్గు గదిలోని గాలిని పొగగూటిలోంచి పైకి లాగేది, కిటికీ సందులనుంచి కొత్త గాలి వచ్చి చేరేది. చలి ఉండేది, కాని తేమ నిలిచేది కాదు.

1952 డిసెంబరులో లండన్‌ను కమ్మిన పొగమంచు వేలమంది ప్రాణాలు తీసింది. దాని పర్యవసానంగా 1956లో స్వచ్ఛవాయు చట్టం వచ్చింది. ఇళ్లలో బొగ్గుమంటలు క్రమంగా ఆరిపోయి, వేడినీటి రేడియేటర్లు వచ్చాయి. నిప్పుగూళ్లను పలకలతో మూశారు, పైన గొట్టాలకు మూతలు పెట్టారు. నగరం ఊపిరి పీల్చుకుంది. ఇల్లు ఊపిరి బిగబట్టింది.

అదే సమయంలో ఇంట్లో పుట్టే తేమ పెరిగింది. నలుగురున్న కుటుంబం వంట, స్నానం, బట్టలు ఆరవేయడం, ఊపిరి విడవడం ద్వారా రోజుకు అటూఇటుగా 10 లీటర్ల నీటిని ఆవిరిగా గాలిలోకి వదులుతుందని సాధారణ అంచనా. పూటపూటా అన్నం వార్చి, పప్పు ఉడికించి, చలికాలమంతా బట్టలు ఇంట్లోనే ఆరబెట్టుకునే కుటుంబానికి ఆ లెక్క ఎక్కువే కావచ్చు. ఆ ఆవిరి ఇంట్లోకెల్లా చల్లనైన చోట, అంటే బయటిగోడ మూలల్లో, బీరువా వెనుక, నీరుగా మారి నల్లని బూజుకు పాదు అవుతుంది. బూజు పట్టిన గదుల్లో పిల్లలకు ఉబ్బసం ముదురుతుంది. ఇంటి యజమాని అద్దెకున్నవారి అలవాట్లను తప్పుపట్టడం, అద్దెకున్నవారు గోడను తప్పుపట్టడం అక్కడ నిత్యం వినవచ్చే వాదన. నిజానికి ఇద్దరికీ తెలియకుండా గాలిదారిని మూసినది మూడో చేయి. మూసిన పొగగూటికి అడుగున ఒక జాలీ, పైన వాన పడని గాలిమూత పెట్టడం, వంటగదిలోనూ స్నానపుగదిలోనూ తేమను గుర్తించి తిరిగే ఫ్యాను అమర్చడం పునర్నవీకరణలో అతి చవకైన పనులు. కొత్త వంటగది అరల ధరలో అవి చిల్లర కిందికే వస్తాయి. అయినా అంచనాల పట్టికల్లో మొదట కొట్టివేతకు గురయ్యేవి అవే.

5. కిటికీ

పైకీ కిందికీ జరిగే రెండు రెక్కల సాష్ కిటికీ విక్టోరియన్ వడ్రంగి చేతిపనికి మంచి ఉదాహరణ. చట్రంలో దాగిన ఇనుప బరువులు, తాళ్లు, కప్పీల సాయంతో బరువైన రెక్క వేలితో తోస్తే కదులుతుంది. పై రెక్క కొంచెం దించి, కింది రెక్క కొంచెం ఎత్తితే వేడిగాలి పైనుంచి పోయి చల్లగాలి కిందినుంచి వస్తుంది. గాజుపలకలు పెద్దవై నడిమి పుల్లలు తగ్గిన కొద్దీ బరువు మోయడానికి రెక్క మూలల్లో చిన్న ‘కొమ్ములు’ మిగల్చడం మొదలైంది. కిటికీ వయసును అంచనా వేయడానికి అవి నేడు ఒక గుర్తు.

ఈ కిటికీలను పీకివేసి ప్లాస్టిక్ చట్రాల జంటగాజు కిటికీలు పెట్టడం 1980ల నుంచి విరివిగా సాగింది. పాత కిటికీ చెక్క నెమ్మదిగా పెరిగిన ఉత్తరదేశపు వృక్షాలది. ఒక మూల కుళ్లితే ఆ ముక్క మాత్రమే కోసి కొత్తది అతకవచ్చు. జంటగాజు పలక అంచు మూత చెడితే మొత్తం పలకే మార్చాలి. వేడి విషయంలో కూడా పాత కిటికీ అనుకున్నంత అసమర్థం కాదు. గ్లాస్గో కాలెడోనియన్ విశ్వవిద్యాలయంలో చేసిన పరీక్షల్లో లోపలి చెక్క తలుపులు మూస్తే ఒంటి గాజుగుండా పోయే వేడి సుమారు సగానికి తగ్గింది. లోపలివైపు మరో పలుచని గాజు చట్రం అమర్చితే తగ్గుదల సగానికి పైనే. రెక్కల అంచులకు కుచ్చు పట్టీ అతికించడం చాలావరకు చలిగాలిని ఆపుతుంది. అలాగని జంటగాజును పూర్తిగా తిరస్కరించనవసరం లేదు. చెక్కచట్రంలో ఇమిడే పలుచని జంటగాజు పలకలు ఇప్పుడు దొరుకుతున్నాయి. చరిత్ర ప్రాధాన్యం తక్కువగా ఉన్న వెనుకవైపు కిటికీలకు అవి సముచితమే.

6. చలిగోడకు లోపలి దుప్పటి

నిండు ఇటుకగోడగుండా వేడి ఎంత వేగంగా పోతుందో చెప్పే యు-విలువను ప్రామాణిక లెక్కల్లో చిరకాలం 2.1గా తీసుకున్నారు. గోడల మీద నేరుగా పరికరాలు పెట్టి కొలిచినప్పుడు అనేకం అంతకంటే మెరుగ్గా తేలాయి. ఇది చిన్న విషయం కాదు. గోడ లెక్కలో చూపినంత చెడ్డది కానప్పుడు, దానికి లోపల మందమైన పొర వేయడం వల్ల ఆదా అవుతుందన్న సొమ్ములోనూ కోత పడుతుంది. తడిగోడ పొడిగోడకంటే ఎక్కువ వేడిని కోల్పోతుంది గనుక వాననీటి తొట్టి బాగుచేయడం కూడా ఒక విధంగా వేడిని ఆదాచేసే పనే.

లోపల పొర వేస్తే మరో చిక్కు ఉంది. ఇంటి వేడి అందని ఇటుక మునుపటికంటే చల్లబడుతుంది, ఆరడం మందగిస్తుంది. లోపలి ఆవిరి పొర వెనుకకు చేరితే అక్కడే నీరవుతుంది. గోడలో దూర్చిన దూలాల కొసలు ఆ చల్లని తడిలో ఉండిపోతాయి. రేకు అతికించిన ప్లాస్టిక్ నురుగు పలకలు కాగితం మీద ఉత్తమ ఫలితాన్ని చూపినా ఈ గోడకు ప్రమాదకరమయ్యేది అందుకే. నూలుకట్టిన చెక్కనారతో చేసిన పలకలు, వాటిపై సున్నపు పూత, మితమైన మందం అన్నది సంరక్షణ నిపుణులు ఎక్కువగా సమర్థించే మార్గం. లోపలి పొర వేసిన గోడకు భవన నిబంధనలు కోరే యు-విలువ 0.30. ఆవిరిని వదిలే సంప్రదాయ గోడలకు, హాని కలిగే పక్షంలో, దానిని సడలించే వీలును కూడా అవే నిబంధనలు కల్పించాయి. ఆ వీలు గురించి తెలిసిన గుత్తేదారులు తక్కువ. అటక మీద 270 మిల్లీమీటర్ల ఉన్ని పరచడంలో మాత్రం ఏ వివాదమూ లేదు. చూరుల దగ్గర గాలి ఆడనిస్తే చాలు.

పూర్తిగా వేరే దారి కూడా సాధ్యమని లండన్‌లోని హాలండ్ పార్క్ ప్రాంతపు ప్రిన్స్‌డేల్ రోడ్ 100వ నంబరు ఇల్లు నిరూపించింది. ఆక్టేవియా హౌసింగ్ అనే సామాజిక గృహసంస్థకు చెందిన ఈ వరస ఇల్లు జర్మన్ పాసివ్‌హౌస్ ప్రమాణపు ధ్రువీకరణ పొందింది. వీధివైపు సాష్ కిటికీల్లా కనిపించే మూడు గాజుల కిటికీలు, లోపల గాలి చొరని మందపు పొర, బయటికిపోయే గాలి వేడిని లోపలికి వచ్చే గాలికి అందించే యంత్రం అందులో ఉన్నాయి. గోడ ఊపిరి మూసినవారు ఇంటికి కృత్రిమ శ్వాసను ఏర్పాటు చేశారు. ఆ రెండూ కలిసి జరిగినప్పుడే ఆ పద్ధతి చెల్లుతుంది. మామూలు మరమ్మతుల్లో మొదటిది జరిగి రెండోది జరగదు.

7. వంటగది నట్టింటికి రావడం

విక్టోరియన్ ఇల్లు పనిని దాచిపెట్టింది. వంట, మసి, నీళ్లు, వాటితోపాటు పనిమనిషి కూడా వెనుకకే. నేటి కుటుంబానికి పనిమనిషి లేదు, వంట చేసేవారే హోంవర్కు చూడాలి. అందుకే పునర్నవీకరణలన్నిటిలోనూ మొదటి కోరిక వెనుక వంటశాలను వెడల్పుచేయడం. తోకభాగం పక్కనున్న సన్నని సందును గాజుకప్పుతో కలుపుకొని, గోడ తీసి ఉక్కుదూలం వేసి, వంట, భోజనం, కూర్చునే చోటు ఒకటిగా చేస్తారు. ఇది సమంజసమైన మార్పే. దీనివల్ల మధ్యగది వెలుతురు కోల్పోయి చీకటిగుయ్యారంగా మారడం దాని లోపం. ముందుగదికీ మధ్యగదికీ నడుమ ఉండిన మడత తలుపులను తిరిగి పెట్టుకున్న ఇళ్లు అవసరాన్నిబట్టి తెరుచుకొని, మూసుకొని ఈ లోపాన్ని కొంత సరిదిద్దుకున్నాయి. మూసుకునే తలుపుంటే వేడిచేయవలసిన గది కూడా చిన్నదవుతుంది.

స్థలం కోసం కింది అంతస్తులో నిప్పుగూటి దిమ్మెను కొట్టివేసి, అటకలోనూ కప్పు మీదా ఉన్న టన్నుల బరువైన ఇటుకల స్తంభాన్ని ఆధారం లేకుండా వదిలివేసిన ఇళ్లు ఉన్నాయి. ఇది ప్రాణాంతకం. నడిమి గోడ నిర్మాణాన్ని మార్చే పనులకు 1996 నాటి పార్టీ వాల్ చట్టం ప్రకారం పొరుగువారికి రెండు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. పని మొదలయ్యాక బయటపడే విషాలు మరో సంగతి. పాత రంగుల్లో సీసం ఉంటుంది. వాటిని గీకి దుమ్ము రేపకూడదు. 19వ శతాబ్దపు పచ్చని గోడకాగితాల్లో ఆర్సెనిక్ ఉండేది. ప్రకృతి ఆరాధకుడైన విలియం మోరిస్ సంస్థ తొలినాటి కాగితాల్లోనూ అది ఉన్నట్లు రసాయన పరీక్షల్లో తేలింది. ఆస్‌బెస్టాస్ మాత్రం విక్టోరియన్ల వారసత్వం కాదు. 1999లో నిషేధం పూర్తయ్యేవరకు తరువాతి ‘ఆధునికీకరణలు’ తెచ్చిపెట్టినది.

8. ఏది అసలైనది? చట్టమేమంటుంది?

మోరిస్ 1877లో పురాతన భవనాల పరిరక్షణ సంఘాన్ని స్థాపించాడు. మధ్యయుగపు చర్చీలను ‘పునరుద్ధరణ’ పేరుతో గీకి, ఊహించిన అసలురూపానికి మార్చుతున్న తన కాలపు వాస్తుశిల్పులమీద అది ఒక తిరుగుబాటు. పాతదానిని గెలవడానికి ప్రయత్నించక రోజువారీ సంరక్షణతో నిలపాలని, చేర్చినది చేర్చినట్లు కనిపించాలని ఆ సంఘం వాదించింది. విక్టోరియన్ల చేతినుంచి భవనాలను కాపాడటానికి పుట్టిన సూత్రమే ఇప్పుడు విక్టోరియన్ ఇళ్లను కాపాడటానికి ఉపయోగపడుతున్నది. ఆ ఇళ్లకు ఆదరణ మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 20వ శతాబ్దపు నడిమి వరకు అవి వికారానికి మారుపేరు. 1960లలో బీబీసీలో ఇంటిపనులు నేర్పిన బ్యారీ బక్నెల్‌ను చూసి ఎందరో చెక్కడపు తలుపులమీద నున్నని అట్టపలకలు కొట్టారు. ఆ పలకలు ఊడదీసినవారికి అడుగున తలుపులు భద్రంగా దొరకడం విశేషం. కొట్టినవారు తెలియక కాపాడారు. విక్టోరియన్ సొసైటీ 1958లో ఏర్పడింది. అది పురుడుపోసుకున్న చోటు ‘పంచ్’ పత్రిక చిత్రకారుడు లిన్లీ శాంబోర్న్ నివసించిన కెన్సింగ్టన్‌లోని వరస ఇల్లే.

చట్టం ఇళ్లన్నిటినీ ఒకేలా చూడదు. ప్రాధాన్యం గల భవనాలు జాబితాకెక్కుతాయి. వాటిలో లోపలి మెట్లు, నిప్పుగూళ్లు కూడా రక్షణలోకి వస్తాయి. వాటి స్వభావాన్ని మార్చే పని అనుమతి లేకుండా చేయడం నేరం. 1967 చట్టంతో వచ్చిన సంరక్షణ ప్రాంతాల్లో ముఖ్యంగా వీధికి కనిపించే భాగంమీద నియంత్రణ ఉంటుంది. మిగిలిన అసంఖ్యాకమైన వరస ఇళ్లకు యజమాని విచక్షణే రక్ష. పన్ను విధానం ఆ విచక్షణకు ఎదురుగాలి. కొత్త ఇల్లు కట్టే పనిమీద వ్యాట్ సున్నా, పాత ఇంటి మరమ్మతుమీద సాధారణంగా 20 శాతం. జాబితాలోని ఇళ్ల ఆమోదిత మార్పులకు ఉన్న మినహాయింపు కూడా 2012 అక్టోబరుతో పోయింది. పాతదానిని బాగుచేసేవాడు జరిమానా కడుతున్నట్లు, కూలగొట్టేవాడు బహుమానం పొందుతున్నట్లు ఉన్న ఈ అమరికను సమర్థించడం కష్టం.

9. లివర్‌పూల్ వీధులు

కూల్చివేతకు ప్రభుత్వమే పూనుకున్న సందర్భం లివర్‌పూల్‌లో కనిపిస్తుంది. టాక్స్‌టెత్ ప్రాంతంలో వేల్స్‌కు చెందిన వాస్తుశిల్పి రిచర్డ్ ఓవెన్స్ రూపకల్పనలో లేచిన వీధులకు వెల్ష్ స్ట్రీట్స్ అని పేరు. 2002లో మొదలైన పాత్‌ఫైండర్ పథకం ఉత్తర ఇంగ్లండు నగరాల్లో గిరాకీ లేదని భావించిన వరస ఇళ్లను కూల్చి కొత్తవి కట్టాలని తలపెట్టింది. ఈ వీధులూ ఆ పట్టికలోకి చేరాయి. కుటుంబాలను ఖాళీ చేయించారు, కిటికీలకు రేకులు కొట్టారు. మ్యాడ్రిన్ వీధిలోని 9వ నంబరు ఇంట్లో బీటిల్స్ బృందపు రింగో స్టార్ జన్మించినందున ఈ వివాదం దేశమంతటా వినిపించింది. అయితే వాదనకు ఆ ఒక్క ఇల్లు కేంద్రం కాదు. సగటు ఇళ్లు బాగుచేయదగినవేనా అన్నదే ప్రశ్న. బహిరంగ విచారణ తరువాత 2015 జనవరిలో ప్రభుత్వ మంత్రి కూల్చివేతను నిరాకరించాడు.

ఆ తరువాత ప్లేస్‌ఫస్ట్ అనే సంస్థ ఈ ఇళ్లను అద్దె నివాసాలుగా తిరిగి సిద్ధం చేసింది. రెండేసి గదుల చిన్న ఇళ్లు రెండింటిని నడిమి గోడ తెరిచి ఒక పెద్ద కుటుంబానికి సరిపడేలా కలిపారు. ఇంటివెనుక సందులను, పెరళ్ల ప్రహరీలను తీసి ఉమ్మడి తోటలు చేశారు. వీధి ముఖం అలాగే ఉంది, ఇంటి లోపలి లెక్క మారింది. ఇది మోరిస్ అనుయాయులకు పూర్తిగా నచ్చకపోవచ్చు. ఖాళీ చేయించినవారందరూ తిరిగి రాలేదన్నదీ నిజమే. అయినా ‘ఈ ఇళ్లు నేటి కుటుంబాలకు పనికిరావు’ అన్న వాదనకు ఆ వీధుల్లో వెలుగుతున్న కిటికీలు సమాధానం చెబుతున్నాయి.

సమీపంలోని గ్రాన్‌బీ వీధుల పద్ధతి వేరు. 1981 నాటి అల్లర్ల తరువాత పాడుబడిన ఆ వీధుల్లో మిగిలిన కొద్ది కుటుంబాలు ఖాళీ ఇళ్ల ముందు కుండీలు పెట్టి, మూసిన కిటికీలకు రంగులు వేసి, వీధి సంత నడిపాయి. తరువాత భూమిని ఉమ్మడిగా నిర్వహించే ట్రస్టుగా ఏర్పడి, అసెంబుల్ అనే యువ వాస్తుశిల్పుల బృందంతో కలిసి కెయిర్న్స్ వీధిలోని పది ఇళ్లను బాగుచేశాయి. ఆ బృందానికి 2015లో టర్నర్ బహుమతి లభించింది. దొంగలెత్తుకుపోయిన నిప్పుగూటి చట్రాలకు బదులు విక్టోరియన్ నకళ్లు కొనలేదు. కూల్చివేతల్లో మిగిలిన ఇటుక, పలకరాతి ముక్కలను నలగ్గొట్టి పోతపోసి కొత్తవి చేశారు. మరో రెండు ఇళ్లలో అంతస్తులు ముందే కూలిపోయి ఉన్నాయి. వాటిని తిరిగి కట్టలేదు. నాలుగు గోడలు నిలిపి, పైన గాజుకప్పు వేసి, లోపల చెట్లు నాటి వీధివారందరి తోటగా 2019లో తెరిచారు. మేడగది నిప్పుగూళ్లు ఉండిన గోడల పక్కన ఇప్పుడు కొమ్మలు పెరుగుతున్నాయి.